ఇంటికొక సీసా

మా ఉద్దానం వైపు ఈ కిడ్నీ జబ్బు ఎవరికి ఉందో తెలిసేసరికి చేయగలిగింది పెద్దగా ఏమీ మిగలదు. మా నాన్నకు కాళ్లు వాచి, తిన్నది ఇమడక, టెక్కలి ఆసుపత్రిలో రక్తం తీస్తే క్రియాటినిన్ పదకొండు అన్నారు. మామూలు మనిషికి ఒకటి, ఒకటిన్నర దాటకూడదు. అంతకు ముందు వారం వరకు ఆయన బోటెక్కి వేటకు వెళ్లి వచ్చిన మనిషి. ఆ తర్వాత తొమ్మిది నెలలు బతికాడు. ఆ తొమ్మిది నెలలూ ఇంటికి వచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే మాట, ముందే చూపించుకోవలసింది అని. ముందే ఎక్కడ చూపించుకుంటారు? మూత్రపిండాలు సగానికి పైగా పాడైతే తప్ప రక్తంలో ఆ అంకె కదలదు. ఈ సంగతి నాకు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివేటప్పుడు తెలిసింది. తెలిసిన రోజు ఆ సలహా ఇచ్చినవాళ్లందరినీ పేరు పేరునా మనసులో తిట్టుకున్నాను.

అందుకే డాక్టర్ తారకేశ్వరరావు గారు ఒక కాగితపు పట్టీ పట్టుకుని వజ్రపుకొత్తూరులో దిగినప్పుడు, జీతం ఎంతో కూడా అడక్కుండా ఆయన దగ్గర చేరిపోయాను. వేలెడంత పట్టీ. తెల్లారి లేవగానే వచ్చే మొదటి మూత్రంలో ముంచి ఐదు నిమిషాలు ఆగాలి. తెల్లగా ఉంటే భయం లేదు. నీలం తిరిగితే మూత్రపిండాల్లో చెడు మొదలైనట్టు. రక్తంలో అంకె కదలడానికి రెండు మూడేళ్ల ముందే ఈ నీలం కనబడుతుందని ఆయన నమ్మకం. అప్పుడే పట్టుకుంటే నొప్పి మాత్రలు మాన్పించి, బీపీకి మందు వేసి, ఎండలో కష్టం తగ్గించి జబ్బును ఏళ్ల తరబడి కదలకుండా ఉంచవచ్చు అనేవారు. మా నాన్నకు మూడేళ్ల ముందు ఆ నీలం కనబడి ఉంటే అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో చెప్పలేను.

ఆ పట్టీ కోసం ఆయన మొదట కంపెనీల చుట్టూ తిరిగారట. రోగులెంతమంది, ఎక్కడుంటారు, కొనగలరా అని అడిగారట వాళ్లు. జీడితోటల్లో కూలీలు, బోట్ల మీద వేటగాళ్లు అని చెబితే టీ ఇచ్చి పంపేశారు. చివరకు ప్రభుత్వమే డబ్బిచ్చింది, ఐదేళ్లకని. మూడో ఏడు చివర కమిటీ వచ్చి చూస్తుంది. పట్టీ నిజం చెబుతోందని తేలితే మిగతా రెండేళ్లూ నడుస్తుంది, ఆ తర్వాత ఉద్దానమంతటా ఇంటింటికీ వెళ్తుంది. తేలకపోతే అక్కడితో సరి. ఆ కమిటీ వచ్చే తేదీ ఈ జూన్ ఇరవై.

ఆరు ఊళ్లు తీసుకున్నాం. మూడు లోపలి ఊళ్లు, కొబ్బరి, జీడి, వరి చేసుకునే రైతులవి. మూడు తీరం ఊళ్లు, వాటిలో మా పాలెం ఒకటి. ఇంటికొకరు, అదీ ఎండలో కష్టం చేసేవాళ్లు అని కాగితం మీద ఉంది. పేర్లు రాసినవాళ్లం దాదాపు ప్రతి ఇంట్లోనూ మగవాడి పేరే రాశాం. తీరంలో ఆడవాళ్లు పొద్దస్తమానం ఇసుక మీద చేపలు ఎండబెడతారు, తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. వాళ్లు ఏ నీడన కూర్చున్నారని ఆ రోజు ఎవరూ అడగలేదు. అక్కడే పుట్టి పెరిగిన నేనూ అడగలేదు.

మూడు నెలలకొకసారి, అంటే ఆగస్టు, నవంబరు, ఫిబ్రవరి, మే నెలల్లో, మా ఆశా కార్యకర్త గౌరమ్మ సాయంత్రం పూట ఇంటింటికీ పేరు అంటించిన సీసా ఇచ్చి వస్తుంది. మర్నాడు ఉదయం ఆరింటికి మళ్లీ వెళ్లి నిండిన సీసాలు పోగుచేసి తెస్తుంది. నేను పట్టీలు ముంచి రంగు రాస్తాను. ఏడాదికి రెండుసార్లు మనుషులను పిలిచి రక్తం కూడా తీస్తాం. నీలం వచ్చినవాళ్లకు రెండేళ్లలో రక్తం పాడవుతోందా లేదా అన్నదే పరీక్ష.

లోపలి ఊళ్లలో పట్టీ చెప్పింది చెప్పినట్టు జరిగింది. నీలం వచ్చిన రైతుల్లో ఒక్కొక్కరికీ రక్తంలో అంకె పైకి జరుగుతూ వచ్చింది. మందులు మొదలుపెట్టాం, కొందరికి ఆగింది కూడా. తీరం ఊళ్లలో మాత్రం పట్టీకి పిచ్చిపట్టినట్టుండేది. నీలం వచ్చిన మగవాళ్ల రక్తం శుభ్రంగా ఉండేది. దాదాపు ఎప్పుడూ తెల్లగా వచ్చే ఇద్దరు ముగ్గురు ఉన్నట్టుండి మంచాన పడ్డారు. అన్నిటికంటే వింత, ఆగస్టు, నవంబరు, ఫిబ్రవరిల్లో నీలం వచ్చిన సీసా మేలో తెల్లగా వచ్చేది. ఆగస్టులో మళ్లీ నీలం. ఎండలకు మూత్రం చిక్కబడితే మేలో నీలం ఎక్కువవ్వాలి గానీ తగ్గడమేమిటని డాక్టరు గారు తల పట్టుకునేవారు. పట్టీలు ఉంచే పెట్టె మార్చారు, ఫ్రిజ్ మార్చారు, నీళ్లు పరీక్ష చేయించారు. ఏం లాభం లేకపోయింది.

ఆ మొండి సీసాల్లో మా బైరాగి బావది మొదటిది. మా అప్ప, అంటే మా అక్క, కన్నమ్మకు భర్త. మొదలుపెట్టిన ఏడాదే నవంబరులో నీలం వచ్చింది. నేనే వెళ్లి చెప్పాను. బావ నవ్వేశాడు గానీ అప్ప బెదిరిపోయింది. మా నాన్న పోయినప్పుడు నీళ్లు పట్టింది, ఒళ్లు తుడిచింది అంతా ఆమే. పది రోజులు ఆయన్ను వేటకు పోనివ్వలేదు. బరువులు ఎత్తనివ్వలేదు. వలలు, చేపల తట్టలు, నీళ్ల బిందెలు అన్నీ తనే మోసింది. నడుం పట్టేస్తే కిళ్లీకొట్టులో నొప్పి మాత్ర కొనుక్కుని వేసుకునేది. బావ రక్తం బాగుందని రిపోర్టు వచ్చాక ఇద్దరూ పట్టీని వేళాకోళం చేశారు. నాకు కోపం వచ్చింది, ఆ కోపంతోనే పుస్తకంలో ఆయన పేరుకెదురుగా పట్టీ తప్పు అని రాశాను. రెండున్నరేళ్లలో అదే మాట ఆయన పేరుకెదురుగా నాలుగుసార్లు రాశాను.

జూన్ మొదటి వారంలో బావ ఫోన్ చేశాడు. అప్ప రెండు రోజులుగా వాంతులు చేసుకుంటోందట. టెక్కలిలో చేర్పించాడు. నేను వెళ్లేసరికి రక్తం రిపోర్టు వచ్చి ఉంది. క్రియాటినిన్ ఎనిమిది పాయింట్ ఆరు. ఆ అంకె చదవడం నాకు వచ్చు గనక నన్ను కూర్చోబెట్టి చెప్పవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది. ముప్పై ఆరేళ్లు అప్పకు.

లోపలికి వెళితే అప్ప కళ్లు తెరిచింది. మొహం వాచి గుర్తుపట్టేలా లేదు. తన జబ్బేమిటని అడగలేదు. నన్ను దగ్గరికి రమ్మని, బావకు వినబడకుండా అడిగింది.

"ఒలే తనూజా, నాను ఇక్కడే ఉండిపోతే ఆగస్టు నెల సీసా ఎవులిత్తారే?"

బావ ఇస్తాడు కదా, ఎప్పుడూ ఇచ్చేది ఆయనే కదా అన్నాను.

"మీ బావేటి ఇత్తాడు? మూడింటికే బోటు మీదికి ఎల్లిపోతాడు. ఏటకెల్లీ మనిసి అలాటియి ముట్టుకుంటాడేటే? నానే నింపి ఇత్తన్నాను గదా ఇన్నాళ్లూ. ఏట నేనప్పుడయితే ఆయనే ఇత్తాడు."

నాకు మే నెల సీసాలు గుర్తొచ్చాయి. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా మా తీరంలో వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉంటాయి, మగవాళ్లు ఇళ్లలో ఉంటారు. మే నెల సీసా ఒక్కటే బావది. మిగతా మూడూ అప్పవి. పట్టీ రెండున్నరేళ్లుగా నీలం తిరిగి చెబుతూనే ఉంది, చెప్పింది అప్ప గురించి. దాని మీద తప్పు అని నాలుగుసార్లు రాసింది ఆమె సొంత చెల్లెలు.

ఎందుకు చేశావే, ఆయన లేడని చెబితే పోయేది కదా అని గట్టిగా అరిచాను. పక్క మంచంవాళ్లు తిరిగి చూశారు. నా కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు.

"సీసా ఇవ్వకపోతే పేరు కొట్టేత్తారు గదే. రేపు ఈయనకి డయాలసిస్ కావలిసొత్తే ఎవుల కాళ్లు పట్టుకోవాల? పేరుంటే బేగి దొరుకుతాదని నువ్వే గదా సెప్పావు."

చెప్పాను. అది నిజం. మొదట్లో తీరం ఊళ్లలో ఎవరూ సంతకాలు పెట్టేవాళ్లు కాదు. పరిశోధన అంటే ఎవరికి కావాలి? పింఛను అంటే అర్థమవుతుంది, కార్డు అంటే అర్థమవుతుంది. వారం రోజులు తిరిగితే ఆరుగురు దొరికారు. విసుగొచ్చి ఒకరోజు, ఇది సర్కారు లిస్టు, పేరుంటే రేపు డయాలసిస్ దగ్గర పనికొస్తుంది అన్నాను. మర్నాటికి పాలెం అంతా వరసలో నిలబడింది. ఆ మాటను నేను మళ్లీ సరిదిద్దలేదు. సరిదిద్దితే సంతకాలు పోతాయని భయపడ్డాను. డాక్టరు గారు తీరంలో ఇంత చక్కగా ఎలా చేర్చావమ్మా అని మెచ్చుకుంటే సిగ్గులేకుండా నవ్వాను కూడా.

బయటకు వచ్చి గౌరమ్మకు ఫోన్ చేశాను. ఈ సంగతి నీకు తెలుసా అని అడిగితే, తెలుసు అంది చాలా మామూలుగా.

"మగోలు ఇంట్ల ఉండరు గదమ్మా ఆ యేలకి. ఆడోలే ఇత్తారు. నన్నెవులడిగారు? సీసాలు తెమ్మన్నారు, తెచ్చాను."

గౌరమ్మను ఏమనగలను? మగవాళ్లు మూడింటికి వేటకు పోతారని నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మా నాన్న వెళ్లేటప్పుడు లాంతరు పట్టుకుని గుమ్మం దాకా వచ్చేదాన్ని. ఆరింటికి సీసా ఎవరు నింపుతారన్న ఒక్క ప్రశ్న మూడేళ్లలో నా బుర్రకు తట్టలేదు. చదువుకున్నానన్న పొగరు తప్ప ఇంకేమీ కాదు అది.

మర్నాడు ఉదయం ఆఫీసుకు వెళ్లి పుస్తకం తెరిచాను. తీరం ఊళ్ల పేర్లలో మే నెలలో తెల్లగా, మిగతా నెలల్లో నీలంగా వచ్చినవి విడిగా రాసుకున్నాను. ముప్పై ఒక్క ఇళ్లు. అందరూ బోటు మీదికి వెళ్లేవాళ్లే. అంటే ముప్పై ఒక్క ఇళ్లలో ఎవరో ఒక ఆడమనిషి, తనకు జబ్బు ఉన్నట్టు తెలియకుండా చేపలు ఎండబెట్టుకుంటోంది. అందులో ఒకామె ఎవరో తేలింది, మా అప్ప. మిగిలినవాళ్లు ముప్పై మంది.

డాక్టరు గారికి చూపించాను. ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. ఆయన మొహంలోకి వెలుగు వచ్చింది. "పట్టీ ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు తనూజా" అన్నారు. మా అప్ప మంచం మీద ఉన్న సంగతి ఆ క్షణాన ఆయనకు గుర్తులేదు. నాకు ఆయన్ను కొట్టాలనిపించింది. తర్వాత గుర్తొచ్చి తల దించుకున్నారు, క్షమించమన్నారు. మూడేళ్లుగా నిద్ర లేకుండా తిరిగిన మనిషి. ఆయన్ను పూర్తిగా తప్పుపట్టడం కూడా నాకు చేతకాలేదు.

రెండు దార్లున్నాయి మాకు. ఏమీ చెప్పకుండా ఊరుకుంటే తీరం ఊళ్లలో పట్టీ తప్పు చెప్పిందని కమిటీ రాసుకుంటుంది. ఉన్నది ఉన్నట్టు చెబితే, ఎవరి మూత్రమో తెలియని సీసాలతో పరిశోధన చేశారంటుంది. చెబుదాం అన్నారు డాక్టరు గారు. ముప్పై మందిని వెతకడానికి కమిటీ ఆర్డరు ఉంటే మేలని ఆయన ఆశ. నేను జరిగినదంతా కాగితం మీద రాసి సంతకం పెట్టాను. లిస్టు గురించి నేనాడిన అబద్ధం కూడా రాశాను. దానికి ఉద్యోగం పోతుందని తెలుసు, అది పోతే పోయిందనుకున్నాను.

ఇరవయ్యో తేదీన పలాసలో కమిటీ కూర్చుంది. ముగ్గురు. పెద్దాయన ఓపికగానే విన్నారు. నేను రాసింది ఒకటికి రెండుసార్లు చదివించుకున్నారు. మధ్యలో ఆయన ఫోన్ మోగుతూనే ఉంది. అంతా అయ్యాక ఆయన డాక్టరు గారితో కాకుండా నాతో మాట్లాడారు.

"చూడమ్మా, నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. కానీ సీసా ఎవరిదో తెలియకపోతే అది రుజువు కాదు. మీ అక్కను నేను రుజువుగా రాయలేను, ఆమె పేరు మీ పుస్తకంలోనే లేదు. ఇప్పుడు మోగిన ఫోను చూశావా? ఎవరో వాళ్లమ్మకు డయాలసిస్ టర్న్ ఎప్పుడొస్తుందని అడగడానికి. రోజుకు ఇలాంటివి ఇరవై వస్తాయి. పట్టీ ఎప్పుడొస్తుందని ఇంతవరకు ఒక్కరూ నాకు ఫోన్ చేయలేదు."

డాక్టరు గారు ఇంకో రెండేళ్లు అడిగారు. ఈసారి ఆడవాళ్ల పేర్లు కూడా రాసి, సీసాల వేళ మార్చి, మొదటి నుంచి చేస్తానన్నారు. ఈ డబ్బు పెట్టకపోతే ఈ పట్టీ పుట్టేదే కాదు, ఇప్పుడు ఆపితే దీన్ని ఇంకెవరూ ఎత్తుకోరు అన్నారు. పెద్దాయన కాదనలేదు. అదే డబ్బుతో ఎనిమిది డయాలసిస్ మెషీన్లు వస్తాయని, అవి రేపటి నుంచే మనుషులను బతికిస్తాయని మాత్రం అన్నారు. నాకు ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి చోటు దొరకలేదు. మా అప్పకు కూడా ఒక మెషీన్ కావాలి. ఆ ముప్పై మంది సంగతేమిటని అడిగాను. దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంవాళ్లతో తీరంలో ఒక క్యాంపు పెట్టిస్తామన్నారు, ఆ మాట రాయించారు కూడా.

పరిశోధన ఆపేశారు. ఆపేసినప్పుడు చేరినవాళ్లందరికీ ఉత్తరం పంపాలని నియమం ఉందట. జులైలో పాలెంలో ప్రతి ఇంటికీ సర్కారు ముద్ర ఉన్న కాగితం వచ్చింది. మీ నమోదు ఇందుమూలంగా రద్దు చేయడమైనది అని. చదువు వచ్చినవాళ్లు చదివి రానివాళ్లకు చెప్పారు. కన్నమ్మ సీసా సంగతి చెప్పేసింది, చెల్లెలు సర్కారుకు రాసిచ్చింది, అందరి పేర్లూ కొట్టేశారు, ఇంక ఒప్పుకున్నవాళ్లకు మెషీను కూడా దొరకదు అనుకున్నారు. డయాలసిస్‌కు ఆ పుస్తకంతో ఏ సంబంధమూ లేదు, ఎవరికి కావాలన్నా ఇస్తారు, నేనప్పుడు అబద్ధం చెప్పాను అని ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. అప్పుడు అబద్ధం చెప్పినదాన్ని ఇప్పుడు నిజం చెబుతున్నానంటే ఎందుకు నమ్ముతారు? క్యాంపు రోజు వైద్యులు వచ్చారు, కుర్చీలు వేశారు. సాయంత్రం దాకా కూర్చుంటే మొత్తం మీద నలుగురు ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో ఇద్దరికి అంకె మూడు దాటింది. ఆ ఇద్దరికీ మందులు మొదలయ్యాయి. ఆ సంగతి విని మిగతావాళ్లు ఇంకా బిగుసుకుపోయారు.

డాక్టరు గారు సామాను సర్దుకుని వెళ్లిపోయారు. మళ్లీ అర్జీ పెడతాను, నాలుగైదేళ్లు పట్టవచ్చు అన్నారు. మిగిలిన పట్టీలు వాడకూడదని సీలు వేసి పట్టుకుపోయారు.

అప్పకు వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్. మెడ పక్కన గొట్టం, దాని మీద కట్టు. డయాలసిస్ లేని రోజున కాస్త తేరుకుంటుంది. ఆగస్టులో ఒకరోజు తనే నాతో వస్తానంది. తనను చూస్తేనన్నా మనసు మారుతుందేమోనని ఆమె ఆశ. నా దగ్గర ఆ జాబితా ఉంది. క్యాంపుకు వచ్చిన నలుగురి పేర్లు కొట్టేస్తే మిగిలినవి ఇరవై ఆరు. బోట్లు ఒడ్డుకు వచ్చాక, మధ్యాహ్నం అన్నాల వేళ దాటాక, ఇంటింటికీ తిరిగాం.

ప్రతి ఇంట్లోనూ మమ్మల్ని కూర్చోమన్నారు, మంచినీళ్లిచ్చారు. అప్ప కట్టు చూసి అయ్యో అన్నారు. సీసా నువ్వే ఇచ్చావు కదా, ఒకసారి వచ్చి రక్తం ఇవ్వు, పైసా ఖర్చు లేదు అని నేను అడిగేసరికి మొహాలు మారిపోయేవి. మా ఆయనదే ఇచ్చానమ్మా అనేవాళ్లు. ఏడు ఇళ్లలో అదే మాట. ఒకామె, మీ అప్పకి ఆఫీసులో నువ్వుండబట్టి మెసీను దొరికింది, మాకెవులున్నారు అంది. బయటకు వచ్చాక అప్ప గోడ పట్టుకుని నిలబడి, తర్వాతి ఇల్లు ఎవరిదని అడిగింది.

ఎనిమిదో ఇల్లు మంగమ్మది. అప్పకూ ఆమెకూ చిన్నప్పటి నుంచి స్నేహం. ఇద్దరూ కలిసే తట్టలు మోసేవాళ్లు. మంగమ్మ భర్త కూర్మయ్య వసారాలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. అతని సీసా ఏడుసార్లు నీలం, ఒకసారి కూడా రక్తం చెడలేదు. మంగమ్మ గుమ్మంలో నిలబడి మాట్లాడింది. లోపలికి రమ్మంది గానీ తను కదలలేదు. చీర కుచ్చిళ్లు కిందికి లాగి పాదాలు కనబడకుండా నిలబడింది. అయినా నాకు కనబడ్డాయి. మట్టెలు వేళ్లలోకి దిగిపోయి ఉన్నాయి.

అప్ప ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ సీసాలు నాకులాగే నువ్వే నింపావని నాకు తెలుసు, నువ్వే నాతో చెప్పావు కదా అంది. మంగమ్మ చెయ్యి విడిపించుకోలేదు.

"నానెప్పుడు సెప్పానప్పా? మా ఆయనదే ఇచ్చాను."

నేను కూర్మయ్య వైపు తిరిగాను. భార్య కాళ్లు చూస్తూనే ఉన్నాడు కదా, ఆయనన్నా నిజం చెబుతాడనుకున్నాను. అన్నా, పేర్లన్నీ ఎప్పుడో పోయాయి, ఇంక కొట్టేయడానికి ఏమీ లేదు, ఉన్నది ఈమె ప్రాణమే, చెప్పు అన్నాను. అతని చేతిలో వల కట్టే సూది ఆగింది. మంగమ్మ పాదాల వైపు చూశాడు, మా అప్ప మెడ మీది కట్టు వైపు చూశాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంక ఒప్పుకుంటాడనిపించింది నాకు.

"నాదేనమ్మా," అన్నాడు కూర్మయ్య. "ఏటకెల్లే ముందు నానే ఇచ్చీవోణ్ని. దానికేటీ నేదు."

మంగమ్మ భర్త వైపు చూసి, బరువు దిగినట్టు ఊపిరి వదిలింది. మమ్మల్ని టీ తాగి వెళ్లమంది.